పెద్ద మొగిలి పెండ్లాం

నాలుగేండ్ల నుంచి చూసిందే చూస్తాండ్రు, గీ గుండెల కొత్తగ ఏం దొరుకుతదని, ఎడమ పక్కకు తిరుగమ్మా అంటాంది ఎకో తీసే పిల్ల, తిరిగిన, జెల్లు చల్లగ పక్కటెముకల మీద పాకుతాంది, తెర మీద నా గుండె బూడిద రంగుల తెరుసుకుంటాంది, మూసుకుంటాంది, మంచిగనే కొట్టుకుంటాంది కదా అంటది ఆ పిల్ల, అవు బిడ్డా మంచిగనే, మరి భూపాలపల్లి క్వార్టర్ల నల్లా కాడి నుంచి వంటింట్లకు ఒక్క బకెట్ మోస్తే మధ్యల రెండుసార్లు ఎందుకు కూసుంటాన, బట్టలు పిండితే చేతులు ఎందుకు ఊడిపడ్డట్టయితయి, పక్కింట్ల ఫోన్ మోగినా ఛాతీల పిడికిలి ఎందుకు బిగుసుకుంటది, పోయినసారి చూసిన డాక్టరయితే రిపోర్టు మడిచి చేతుల పెట్టి గుండెల ఏం లేదమ్మా, అంతా నీ మనసులనే ఉన్నది అన్నడు, గా మాట పట్టుకొని మా ఆడిబిడ్డ కల్పన ఇల్లిల్లు తిరిగి చెప్పింది, మా వదినెకు ఏ రోగం లేదట, పని తప్పించుకునే రోగమట, అది విని మా తమ్ముడు నగేష్ జనగామల ఒక డాక్టరమ్మ మంచిగ చూస్తదని మమ్ముల ఇక్కడికి పిలిపించిండు, మా ఆయన బయట బల్ల మీద నా చెప్పులు కాళ్ల కాడ పెట్టుకొని కూసున్నడు, రాయసొంటోడు, జలుబు కూడ చెయ్యదు, ఆయన సచ్చిండని విని పాడైన గుండె ఇది.

ఆ పొద్దు నేను వాకిట్ల బోళ్లు తోముతాన, మా లైన్ల రెండో ఇంట్ల చిలుకమ్మ ఉండేది, ఆమె మొగని పేరు కూడ మొగిలే, మా ఆయన పెద్ద మొగిలి, వాళ్లాయన చిన్న మొగిలి, ఇద్దరిదీ ఒకటే బాయి, బొగ్గు పని, ఒకటే పొద్దుగాల షిఫ్టు, ఎనిమిది కొట్టంగ దేవదాసు ఫోన్ చేసిండు, వాళ్లతోటి పనిచేసేటోడే, అక్కా, చౌరస్తాల మొగిలన్న బండిని లారీ గుద్దింది, అన్న లేడక్కా అన్నడు, ఏ మొగిలని నేను అడుగలే, వాడు చెప్పలే, మా ఆయనకు చేస్తే ఫోన్ మోగుతాంది, ఎత్తుతలేడు, బాయిలకు దిగేటోళ్లు ఫోన్లు పైన పెట్టి పోతరని నాకు తెల్వదా, తెలుసు, ఆ గడియల యాదికి రాలే, గాజులు నేనే గోడకేసి కొట్టుకున్న, చిలుకమ్మ ఉరికొచ్చి నన్ను ఒడిలకు గుంజుకున్నది, ఊకో అక్కా ఊకో అనుకుంట ఆమె కూడ ఏడ్సింది, గంట గడిచినంక దేవదాసు తానే వాకిట్లకు వచ్చిండు, పొరపాటైందక్కా, దిగినోళ్ల లిస్టుల పెద్ద మొగిలన్న పేరున్నది, పోయింది చిన్న మొగిలన్న అన్నడు, ఆ తర్వాత నాకు చెమటలు, ఎడమ చెయ్యి గుంజుడు, ఆటోల దవాఖాన, నరాలల్ల ఏ అడ్డూ లేదన్నరు, పిడుగసొంటి మాట వింటే ఒక్కోసారి గుండె కండ చతికిలపడతది, కింది దిక్కు బుడ్డలెక్క ఉబ్బుతది, నెల రెండు నెలలల్ల సదురుకుంటది అన్నరు, సదురుకున్నదనే రాసిండ్రు.

డాక్టరమ్మ ఇద్దరినీ కూసోబెట్టింది, పంపింగ్ మామూలైనా కొందరికి గీ ఆయాసం, గీ నీరసం, గీ బుగులు ఏండ్ల తరబడి ఉంటయమ్మా, తెర మీద కనబడకపోయినంత మాత్రాన నువ్వు నటిస్తున్నట్టు కాదు అన్నది, నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి, మా ఆయన తల దించుకొని, నేను బతికొచ్చిన కాడి నుంచి ఇది బతుకుతలేదు మేడం అన్నడు, ఎన్నడూ అట్ల అనలే, బొగ్గు ఇంకిన ఆయన గోర్లనే చూసుకుంట కూసున్న, సరే ఆ రోజు నొప్పి సరిగ్గ ఎప్పుడు మొదలైందమ్మా అని ఆమె కలం పట్టుకొని అడిగింది, ఎప్పుడూ చెప్పేదే చెప్పిన, ఆయన పోయిండని ఫోన్ల విన్నప్పుడు మేడం, రాసుకున్నది.

బయటికి వచ్చి రెండు మెట్లు దిగి గోడ పట్టుకున్న, మా ఆయన జేబుల ఫోన్ మోగింది, నా ఛాతీల పిడికిలి బిగుసుకున్నది, మానుకోట నుంచి చిలుకమ్మ అంటాండు, మొగడు పోయినంక తల్లిగారింటికి పోయి హాస్టల్ల వంట చేస్తాంది, యాభై మందికి వండుతది, నాకు పరీక్ష ఉన్నప్పుడల్లా ఫోన్ చేస్తది, అక్క పానం ఎట్లున్నదని అడుగుతాంది, జర మాట్లాడరాదు అంటాండు, ఆయాసమైతాందని చెప్పు అన్న, నాలుగేండ్లు ఇదే జవాబు, ఆయన దూరం జరిగి ఆమెకు అదే చెప్తాండు, అబద్ధం, ఆయాసమూ ఉన్నది కని అబద్ధం, డాక్టరమ్మకు చెప్పింది కూడ అబద్ధమే, ఫోన్ల విన్నప్పుడు నాకు నొప్పి లేదు, ఆ గంటసేపు ఉత్త ఏడుపే, దేవదాసు వచ్చి, పోయింది చిన్న మొగిలన్న అన్నప్పుడు చిలుకమ్మ ఒడిల ఉండే నేను నవ్విన, బతికించినవు దేవుడా అని పైకే అన్న, అని తల ఎత్తిన, ఆమె తన మొగని కోసం ఇంకా ఏడుస్తలేదు, నన్ను పట్టుకున్న చెయ్యి తియ్యలే, ఆ మాట ఇంకా తనదాక పోలేదేమో, నా మొఖం మీది నవ్వునే చూస్తాంది, అప్పుడు లేసింది నొప్పి, అవు, అప్పుడే, మొగని సావు విని నిలబడ్డ గుండె చిలుకమ్మ నన్ను అట్ల చూస్తే కూలింది.