పిడి లేని విసుర్రాయి

నేను ఒక విసుర్రాయిని. నన్ను చెక్కినవాడు ఒళ్ళంతా ఉలితో గంట్లు పెట్టి, "సగం ఊరికి సంగటి పెడుతుంది ఈ రాయి" అని పొగిడాడు. బేరం కోసం అన్న మాటే, కానీ నేను నమ్మేశాను.

నన్ను కొన్నది అనంతపురం వైపు ఒక మెట్టపల్లెలో తిప్పక్క. కొడుకు, కోడలు, మనవలు అందరికీ ఒకే సట్టిలో సంగటి. తెల్లారేముందు తిప్పక్క ఒకవైపు, పెద్ద మనవరాలు సుంకి మరోవైపు కూర్చుని నా పిడి పట్టుకునేవాళ్ళు. తిప్పేది అవ్వ. పిడి పట్టుకుని కునికిపాట్లు పడేది సుంకి. పొద్దెక్కాక మాత్రం "అంతా నేనే ఇసిరినా" అని వీధంతా చాటేది. ఆ పొద్దులంటే నాకెంత ఇష్టమో!

విసుర్రాయి మోగితే ఆ ఇంట్లో గింజలున్నట్టు, మోగకపోతే లేనట్టు. ఆ పల్లెలో ఎవరూ ఏమీ అడగరు గానీ అందరూ వింటారు.

వానలు మొహం చాటేసిన ఏడు విత్తనం చేలోనే మాడిపోయింది. కొడుకూ కోడలూ రోడ్డు పనికి పోయారు. రాగుల కుండ అడుగంటిన మర్నాడు కూడా తిప్పక్క వచ్చి నా ముందు కూర్చుంది.

"గింజలేవీ అవ్వా?" అంది సుంకి.

"గమ్మునుండి తిప్పు. పక్కింటికి ఇనపడాల."

వట్టి రాయిని తిప్పారు. గంట్లు అరిగిపోతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. గింజ పడిన రాయి గుర్రుమంటుంది, వట్టిది కీచుమంటుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ విసిరే ఆడవాళ్ళకి ఆ తేడా తెలియదా? పరువు కోసం పడే ఆరాటంలో తిప్పక్కకి ఆ మాటే తోచలేదు.

తెల్లారగానే పక్కింటి ఈరక్క చేటనిండా రాగులతో వచ్చింది. "వదినా, మా రాయి పిడి ఇరిగిపాయె. రవ్వంత ఇసిరిపెట్టు. నీ పాలికొచ్చే పిండి నువ్వు తీసుకో."

ఎవరి గింజలు విసిరినా కాస్త పిండి విసిరినవాళ్ళది. ఈరక్క ఆ కాస్తకి బదులు సగం పిండి వదిలేసి పోయింది. పిల్లలు కడుపునిండా తిన్నారు. మళ్ళీ పంట చేతికొచ్చేదాకా ఆ పిడి విరుగుతూనే ఉంది.

ఒకరోజు సుంకి చేట తిరిగి ఇవ్వడానికి వెళ్ళి పరుగున వచ్చింది. "ఈరక్కవ్వ అబద్ధం సెప్తాంది! పిడి బాగనే ఉండాది."

తిప్పక్క మొహం చిన్నబోయింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని నవ్వింది. "ఉండనీలే. యాడా అనొద్దు."

మరో ఏడు మా చేను పండింది. ఏటి పక్కనున్న ఈరక్క చేను వరదకి పోయింది. ఒక పొద్దున గోడ అవతల రాయి కీచుమంది. ముందు విన్నది సుంకి. ఆ పిల్ల చెప్పగానే తిప్పక్క చేటనిండా రాగులు పోసుకుని బయల్దేరింది.

"ఆగవ్వా!" సుంకి గబగబా వచ్చి నా పిడి ఊడబీకి, చూరులో దోపింది. "ఇప్పుడు పో. పిడి లేదని సెప్పు."

ఆ ఏడంతా మా రాగులు ఈరక్క ఇంట్లోనే విసిరారు. నేను ఊరికే కూర్చుని గోడ అవతలి గుర్రుగుర్రు వింటూ గడిపాను. నా బతుకులో అంత తృప్తిగా చేసిన పని ఇంకొకటి లేదు.

పిండిమరలొచ్చాక నేను సుంకి గడప ముందు కాళ్ళు కడుక్కునే రాయినయ్యాను. ఈ రాయికి పిడి ఏదని తన మనవలు అడిగితే, సుంకి పక్కింటి వైపు చూసి, "ఇరిగిపాయెలే" అంటుంది.

నేనూ ఆ అబద్ధాన్నే మోస్తున్నాను.