గుట్ట పొణికి

నిర్మల్ బొమ్మలు చేసేది పొణికి కర్రతో. నా ఉద్యోగం ఆ చెట్ల జన్యువులు చూడడం. అన్ని గుట్టల పొణికి ఒక్కటి కాదు. ఆకును పరీక్షిస్తే చెట్టు ఏ గుట్టదో, దాని వంశం ఎండకు ఆగుతుందో లేదో తెలుస్తుంది. ఏటేటా ముదిరే ఈ ఎండలకు ఆగేది మా ఊరి గుట్ట వంశమొక్కటే. దాన్ని నా చిన్నప్పుడే దొంగతనంగా నరికేశారు. మోళ్లకు వచ్చిన చిగుళ్లను మేకలు ఎదగనివ్వవు. ఇక విత్తనమెక్కడిది?

నరికించింది కలప వ్యాపారి రాయమల్లు. నేరం మాత్రం అడవి కాపలా కాసే మా బాపు యెషయా మీద పడింది. "యెషయానే అమ్ముకున్నడు, నా కండ్లతోటి చూసిన" అని రాయమల్లు అటవీ ఆఫీసులో సాక్ష్యం చెప్పాడు. బాపు ఉద్యోగం ఊడింది. చర్చిలో కానుకల సంచి పట్టే పని కూడా ఆయనకు లేకుండా చేశారు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

మొన్న ఆ రాయమల్లే మా ఆఫీసుకు వచ్చాడు. ఎండకు ఆగే పొణికి విత్తనం సర్కారు కొంటుందని విన్నాడట. మెట్‌పల్లి దగ్గర తన తోటలో చెట్లున్నాయన్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. ఆకులు పరీక్షించాను. అచ్చంగా మా గుట్ట వంశం! సంతోషం, కసి ఒక్కసారే పొంగుకొచ్చాయి.

రేంజర్ నవీన గారిని పక్కన కూర్చోబెట్టుకుని అతణ్ణి పిలిపించాను.

"మొక్కలు ఎక్కడియి?"

"నర్సరీల కొన్న, మేడం."

"అయితే లాభం లేదు. పుట్టుక తెల్వని చెట్టు విత్తనం మేం తీసుకోం. గుట్టది అయితేనే కావాలె."

ఆశ అతణ్ణి ఆగనివ్వలేదు.

"ఒట్టు, గుట్టయే మేడం! గా చెట్లు కొట్టించిననాడు నేనే మొలకలు తవ్వుకొచ్చిన."

"కొట్టించింది నువ్వా?" అన్నారు నవీన గారు.

రాయమల్లు నాలుక్కరుచుకున్నాడు.

"నేను యెషయా బిడ్డను," అన్నాను.

అతను కుర్చీలోంచి లేచాడు. చేతులు జోడించాడు. "తప్పయింది బిడ్డా. మీ బాపు దేవునసొంటోడు. జర వదిలెయ్."

"గా మాట సాక్ష్యం చెప్పిన కాడనే చెప్పు."

నవీన గారు అతని వాంగ్మూలం రాసుకున్నారు. "గవి అడివి చెట్లు. ఇయ్యాలటి సంది సర్కారువి. కొమ్మ ముట్టినా ఇంకో కేసు."

"మరి నా తోటల ఎవలు కాస్తరు?"

నవీన గారు నా వైపు చూసి తలూపారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. పళ్లు బిగించి, ఒక్కో మాటా అతనికి బాగా వినబడేలా చెప్పాను.

"మా బాపు. రేపు పొద్దున గేటు తీసి, 'రా యెషయన్నా' అని నువ్వే పిలువాలె."