మునిరత్నమ్మ వాంగ్మూలం

పదకొండున్నరకంతా మునిరత్నమ్మ అన్నం తపేలా నెత్తికెత్తుకుని, పప్పు క్యాను చేత పట్టుకుని ఇంట్లోంచి బయలుదేరుతుంది. బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం వండేది ఆమే. ఊరి పక్కన లోతైన వాగు, వంక అంటారు; బడి దానికి అవతల ఉంది. అక్కడ వంటగది లేదు కాబట్టి ఇంట్లోనే వండి తీసుకుపోతుంది. గట్టు చివరిదాకా పోయి, అడుగు ముందుకేసి, గాలి మీద నడుచుకుంటూ అవతలికి చేరుతుంది. కింద ఇరవై అడుగుల లోతున రాళ్లు.

ఏడేండ్ల కిందట ఎమ్మెల్యే గిరిప్రసాద్ ఆ వంక మీద వంతెన కట్టిస్తానని కొబ్బరికాయ కొట్టాడు. కట్టలేదు. అయితే ఆ మరుసటి పొద్దు నుంచే వంక మీది గాలి ఊరివాళ్ల కాళ్లకు గట్టిగా తగలసాగింది. మేకలు కూడా పోతాయి. పాలిచ్చే ఎనుములు మాత్రం కదలవు; వాటిని పూతలపట్టు రోడ్డు మీదుగా చుట్టు తిప్పి తోలాల్సిందే. అంతకు మించి దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు.

తర్వాతి ఎన్నికల్లో రఘునాథ్ గెలిచాడు. గిరిప్రసాద్‌ను లోపలేయిస్తానని, నూరు రోజుల్లో వంతెన కట్టిస్తానని మైకులో చెప్పినవాడు. కట్టని వంతెనకు బిల్లు ఎత్తాడని గిరిప్రసాద్‌ను అరెస్టు చేయించాడు. మరి వంతెన అని అడిగితే, కేసు తేలేదాకా అక్కడ రాయి కదపకూడదన్నాడు.

సాక్ష్యాలకు ధర్మేంద్ర అనే పోలీసు అధికారి ఊరికి వచ్చాడు.

"ఈడ వంతెన ఉండాదా అమ్మా?"

"లేదు సార్."

"మరి అవతలికి ఎట్లా పోతావు?"

"నడిచి పోతాను."

వంతెన లేదని రాసి, ప్రమాణపత్రం మీద ఆమె సంతకం తీసుకున్నాడు. ఆమె భర్త చెంగయ్య కూడా ఒకప్పుడు చెరువు తూము కేసులో ఇట్లాగే సంతకం పెట్టాడు. అప్పుడు కేసు పెట్టించింది గిరిప్రసాద్. జైలుకు పోయింది అంతకు ముందున్న ఎమ్మెల్యే. తూము రాలేదు. చెంగయ్య కాలం చేశాడు.

వంకను చూసి రమ్మని కోర్టు నందిని అనే లాయరమ్మను పంపింది. ఆ పొద్దు ఊరి పెద్ద వెంకటముని అందరినీ గట్టు మీద కూర్చోబెట్టాడు.

"ఎవురూ వంక మీద కాలు పెట్టొద్దండి. పెడితే ఆ గిరిప్రసాద్ తప్పించుకుంటాడు."

లాయరమ్మ రాలేదు. పన్నెండయింది. ఒంటిగంట అయింది. అవతల పిల్లలు పళ్లేలు ముందర పెట్టుకుని వరుసగా కూర్చుని ఇటే చూస్తున్నారు.

"పిలకాయలు కాసుకోనుండారన్నా," అంది మునిరత్నమ్మ.

"ఒక్క పూటే కదమ్మా."

"నువ్వు పొద్దున సంగటి తిన్నావు కదన్నా."

ఆమె తపేలా ఎత్తుకుంది. అప్పుడే కారు వచ్చి ఆగింది. ఆగిపోదామని ఆమెకు అనిపించలేదు. కోపమూ రాలేదు, భయమూ వేయలేదు. మెడ మీద బరువు ఒక్కటే తెలుస్తోంది. వంక మధ్యదాకా పోయేసరికి వెనక గట్టు మీద, కేసు పోయిందని ఎవరో ఏడ్చినట్టు వినిపించింది. ఆమె తిరిగి చూడలేదు. నందిని గట్టు మీద నిలబడి, వంక దాటడానికి వసతి ఉందని, రాకపోకలు సాగుతున్నాయని రాసుకుంది.

అంటే వంతెన ఉన్నట్టేనని కోర్టు కేసు కొట్టేసింది. గిరిప్రసాద్‌ను ఓపెన్ జీపులో ఊరేగించారు. రఘునాథ్ కూడా పెద్దగా బాధపడలేదు. కోర్టే వంతెన ఉందన్నాక మళ్లీ కట్టే పని లేదు కదా.

నెల తిరక్కుండా ధర్మేంద్ర మళ్లీ వచ్చాడు. మునిరత్నమ్మ బియ్యం కడుగుతోంది.

"నీకు సమన్లు వచ్చినాయమ్మా."

"ఎందుకు సార్?"

"ఉండే వంతెనను లేదని ప్రమాణం చేసినావంట. అబద్ధపు సాక్ష్యం కింద కేసు." ఆయన ఆమె ముఖం చూడలేకపోయాడు.

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని సంతకం పెట్టింది. "ఎప్పుడు రావల్ల?"

"పద్నాలుగో తేదీ, పది గంటలకు."

ఆయన పోయినాక పక్కింటి వరలక్ష్మమ్మను పిలిచి, ఎసట్లో ఎన్ని శేర్లు పొయ్యాలో, పప్పులో ఉప్పెంత వెయ్యాలో చెప్పింది.

"ఆ ఒక్క పూటే కదక్కా? మాపటికి వచ్చేస్తావు కదా?" అంది వరలక్ష్మమ్మ.

"ఏమో. అది చెప్పలేదు," అంది మునిరత్నమ్మ.