చిలక ఒంటికి పూసలు

అప్పు తెచ్చిన వస్తువుతో దేవుడికి ఏదైనా చేస్తే, ఆ పుణ్యం చేసినవాళ్ళదా, ఇచ్చినవాళ్ళదా? ఈ అనుమానం నాకు ఏళ్ళుగా ఉంది. మా తాడేపల్లి గుడిలో పూజారిగారిని ఒకసారి అడిగాను. ఆయన తీర్థం పోస్తూ, "చేసినవాళ్ళకి చేసినంత, ఇచ్చినవాళ్ళకి ఇచ్చినంత తల్లీ" అన్నారు. వెనక జనం నిలబడి ఉన్నారు, ఇంకేం అడుగుతాను? కళ్ళకద్దుకుని వచ్చేశాను. ఎవరికెంతో మాత్రం తేలలేదు.

మేము ఇల్లు కట్టుకున్న కొత్తలో దేవుడి గది గుమ్మానికి గుడ్డ మీద పూసలతో తోరణం కుట్టాను. రేపు వరలక్ష్మీ వ్రతం అనగా ఆకుపచ్చ గాజు పూసలు అయిపోయాయి. పక్కింటి జోహరాబీ కూడా అప్పుడు తన గుమ్మానికి చిలకల తోరణం కుడుతోంది. పిట్టగోడ మీద నుంచి నా మొహం చూసి, నేను నోరు తెరవకముందే తన డబ్బాలో ఉన్న పచ్చ పూసలన్నీ నా కొంగులో పోసింది.

"పండగ నీది. నా చిలకలకేం తొందర?" అంది.

తర్వాత ఆ పూసలు బజారులోకి రావడం మానేశాయి. ఆమె తోరణంలో ఎడమ చిలక నిండుగా ఉంటుంది. కుడి చిలకకు ముక్కు ఉంది, తోక ఉంది, మధ్యలో పెన్సిల్ గీతలే. అట్లాగే గుమ్మానికి కట్టేసింది. వచ్చినవాళ్ళు "ఏం జోహరమ్మా, పిల్లి తినేసిందా?" అని అడగడం, "సుబ్బలక్ష్మి తినేసింది" అని ఆమె చెప్పడం.

మా వీధిలో చేబదులుకు డబ్బు లెక్క ఉండదు. గ్లాసు పంచదార తెస్తే గ్లాసు పంచదారే, పైన కాస్త తలకట్టు పెట్టి మరీ తిరిగి ఇవ్వాలి. ఒకసారి అచ్చం అట్లాంటి పచ్చ పూసలే దొరికాయని సంతోషంగా తీసుకెళ్ళాను. ఆమె ఒక పూస పంటి కింద పెట్టి చూసి ఉమ్మేసింది. "ప్లాస్టిక్కే సుబ్బులూ. గాజైతే పంటికి చల్లగా తగులుద్ది." అప్పటి నుంచి ఆ చిలకను చూసినప్పుడల్లా తల తిప్పుకునేదాన్ని.

మొన్న మాఘమాసంలో, మా వీధిలోనే కుట్టు క్లాసులు చెప్పే జ్యోతిర్మయి వచ్చి, "సత్తెనపల్లిలో గురునాథంగారని, ఆయన ఫ్యాన్సీ షాపు అటక మీద పాతకాలం సరుకు అంతా అట్లాగే ఉందంట. శనివారం పోదాం రండక్కా. రాత్రికి అమరావతి సత్రంలో ఉండి, పొద్దున్నే దర్శనం చేసుకుని వద్దాం" అంది. పాత బొత్తాలన్నా, చెక్క రింగులన్నా ఆ పిల్లకి ప్రాణం. నాకు పూసలు, దర్శనం ఒక్క ప్రయాణంలో కుదిరాయి. జోహరక్క రంగు సరిచూసుకోవడానికి తోరణాన్ని గుమ్మం నుంచి ఊడదీసి, మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుంది.

దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. కారు అద్దాలు దించితే ఘాటు, ఎత్తితే ఉక్క. ముగ్గురం వంతులవారీగా తుమ్ముకుంటూ, ప్రతి తుమ్ముకూ నవ్వుకుంటూ వెళ్ళాం.

గురునాథంగారు నిచ్చెన వేసి, "ఎక్కండమ్మా, పాములైతే లేవు" అన్నారు. జ్యోతిర్మయి ఎక్కింది. పైనుంచి ఒక్కొక్కటీ అందిస్తూ కేకలు. నీలం కాగితపు పొట్లాల్లో చమ్కీలు, అట్టలకు కుట్టిన ముత్యపుచిప్ప బొత్తాలు, చెక్క రింగులు, వన్నె తగ్గని దారపు ఉండలు. కింద మేమిద్దరం ఒడి నింపుకుంటున్నాం. ఆ పిల్ల తలంతా బూజు.

"అత్తగారిలా ఉన్నావే జుట్టు నెరిసి!" అంది జోహరక్క.

"మీ ఇద్దరూ నన్ను కోడలిని చేసుకున్నా సరే, ఇవన్నీ నావే!"

చివరికి ఒక గోనె మూటలో దొరికాయి. ఆకుపచ్చ పూసలు. జోహరక్క ఒకటి పంటి కింద పెట్టింది. తోరణం విప్పి వాటిని ఎడమ చిలక మీద ఆనించింది. ఎక్కడ పాతదో ఎక్కడ కొత్తదో తెలియలేదు. నా గుండె ఒక్కసారి తేలికైంది.

కానీ ఆ పూసలు కుచ్చులు కుచ్చులుగా సన్నటి ఇనప తీగకు గుచ్చి ఉన్నాయి.

"తీగ తీసేసి ఇస్తారా గురునాథంగారూ?"

"తీస్తే పూస పగులుద్దమ్మా, తుప్పుతో కరుచుకుపోయింది. రాత్రంతా నూనెలో నానేయండి, అదే ఊడొచ్చుద్ది."

నా చెయ్యి ఆగిపోయింది. శనివారం నాడు మేము నూనె కొనం, ఇనుము కొనం. మా అత్తగారు శనివారం సూది కూడా కొననిచ్చేవారు కాదు.

"రేపొస్తానండి."

"రేపు షాపు తియ్యను. ఎల్లుండి అటకంతా పాత సామాన్ల వాళ్ళకి ఇచ్చేస్తన్నా."

"మరి ఎట్లా..."

"ఎందుకమ్మా అంత ఆలోచన? ఊరికే పట్టుకెళ్ళండి."

"శనివారం పూట ఇనుము దానం పట్టమంటారా!" అన్నాను కంగారుగా. అదింకా పెద్ద దోషం. పైగా ఊరికే వచ్చినవి ఇస్తే బాకీ తీరినట్టెట్లా అవుతుంది? నిచ్చెన మీద జ్యోతిర్మయి పడీ పడీ నవ్వుతోంది.

బయటికి వచ్చి మా వారికి ఫోన్ చేశాను. "నీ ఇష్టం" అన్నారు. ఏది అడిగినా ఆయన చెప్పేది అదే. ఎదురుగా పత్తి బోరాల లారీ ఒకటి వెళ్తుంటే దూది రేకులు రోడ్డు మీద ఎగురుతున్నాయి. వాటిని చూస్తూ నిలబడ్డాను. అడక్కుండా కొంగు నింపిన మనిషి అప్పు కన్నా నా శనివారం పట్టింపు గొప్పదా? పట్టింపు పెట్టినది దేవుడా, మనమా? శనీశ్వరుడికి నువ్వుల నూనె దీపం పెట్టుకుని క్షమించమంటాను. ఆయనా పెద్దవాడే, వింటాడు. అంతే, చెంగు బిగించి లోపలికి వెళ్ళాను.

మూట జోహరక్క సంచిలో ఉంది.

"నువ్వు ఫోన్లో ఉన్నావని నేనే కొనేశాను" అంది. "నాకు శనివారం పట్టింపు లేదుగా."

"అయ్యో అక్కా! నేనే ఇయ్యాలి గదా అవి! నీ పూసలు నువ్వే కొనుక్కుంటే నా బాకీ ఏం కావాలి?"

"నువ్వు పక్షం రోజులు ముహూర్తం చూస్తావు. అప్పటిదాకా నా చిలక అట్లాగే ఉండాలా?"

అమరావతి దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను. కోపం కాదు, ఏడుపొస్తోంది. ఇక ఈ జన్మకి తీరే దారి లేదనిపించింది. జ్యోతిర్మయి మధ్యలో ఒకసారి, "అక్కా, మరమరాలు తింటావా?" అంది. తిన్నాను.

సత్రంలో జోహరక్క తన తలకు రాసుకునే కొబ్బరి నూనె సీసా తీసి గిన్నెలో పోసి, తీగలు నానేసింది. పొద్దున జ్యోతిర్మయీ నేనూ కృష్ణలో స్నానం చేసి అమరేశ్వరుడి దర్శనం చేసుకుని వచ్చేసరికి, ఆమె వరండాలో పాత తువ్వాలు పరుచుకుని, ఒక్కొక్క పూసా తుడుస్తోంది. తీగలు పక్కన పడి ఉన్నాయి. తడి పూసలు ఎండలో లేత చింతాకుల్లా మెరుస్తున్నాయి.

ఆమె సూదికి దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు. మళ్ళీ ఎక్కించబోయింది. దూరంగా పట్టి చూసింది, దగ్గరగా పట్టి చూసింది.

"శుక్లాల ఆపరేషనైన కంటితో చూడక్కా" అంది జ్యోతిర్మయి.

"రెండో కంటితోనూ చూశా. సూది కనబడుద్ది, బెజ్జమే ఎక్కడికో పోయింది." సూదీ తోరణమూ తీసుకొచ్చి నా ఒళ్ళో పడేసింది. "ఇదిగో. పూసలు కొనగలిగాను గానీ కళ్ళు కొనలేనుగా. కుట్టు."

"నేనా?"

"మరెవరు? తిన్నది నువ్వేగా."

నేను గోడకు ఆనుకుని కూర్చుని, కుడి చిలక మెడ దగ్గర మొదలుపెట్టాను. ఆమె పూసలు అరచేతిలో పెట్టుకుని ఒక్కొక్కటే అందించింది. రెక్క దగ్గర ఆమె "ఇంకొంచెం ఏటవాలుగా" అనడం, నేను "నాకు తెలుసులే" అనడం, జ్యోతిర్మయి "ఒక్క చిలకకు ఇద్దరు అత్తలు" అనడం. సత్రానికి వచ్చిన యాత్రికులు ఆగి చూసి వెళ్ళారు. భోజనానికి పిలిచినా లేవలేదు. సత్రంవాళ్ళే పులిహోర ఆకులో తెచ్చి పక్కన పెట్టారు.

గీతల చివరిదాకా వచ్చేసరికి అరచేతిలో పూసలు ఇంకా మిగిలాయి. వాటిని కూడా పొట్ట దగ్గర రెండో వరసగా కుట్టేశాను. తలకట్టు లేకుండా ఎట్లా ఇస్తాను?

ముడి వేసి, దారం కొరికి, తోరణం ఆమె చేతిలో పెట్టాను. జోహరక్క దాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుంది. చూపుతో కాకుండా వేళ్ళతో తడిమింది, ముక్కు నుంచి తోక దాకా, ఎక్కడా ఆగకుండా.

"బాగా బలిసింది" అంది. తోరణాన్ని మడిచి సంచిలో పెట్టుకుని, పులిహోర ఆకు నా వైపు జరిపింది. "తీరిపోయిందిలే, తిను."