గది బయట కుర్చీ

మా మతపెద్ద పెద్దయ్యగారికి చూపు మందగించినప్పటి నుంచి ఆయన ప్రకటనలు సభల్లో చదివేది నేనే. నేను పనిచేసే బడి ఆయన సంస్థదే. పాఠం చెప్పే గొంతు కాబట్టి చివరి వరసకు కూడా వినబడుతుందని ఆయనే నన్ను ఎంచుకున్నారు. కాగితం ముందురోజే మా ఇంటికి వస్తుంది. నేను ఒకసారి పైకి చదువుకుని, ఆగవలసిన చోటల్లా పెన్సిలుతో చిన్న గీత పెట్టుకుంటాను. గీతలు లేని కాగితం సభలో ఏనాడూ చదవలేదు. ఆ రోజు చదివాను.

మా అమ్మాయి పోయాక నేను వెళ్ళిన మొదటి సభ అది. ఇద్దరు ఆడవాళ్ళు గానీ ఇద్దరు మగవాళ్ళు గానీ చేసుకునే పెళ్ళిని గుర్తించే చట్టం రాబోతోందని అప్పటికే ఊరంతా అట్టుడుకుతోంది. అలాంటి పెళ్ళికి హాలు ఇచ్చినందుకు ఒకాయన ఇంటి కిటికీ అద్దాలు ఎవరో పగలగొట్టారు. దాంతో మూడు మతాల పెద్దలు కలిసి సభ పెట్టారు. మామూలుగా వాళ్ళు ఒకే వేదిక ఎక్కరు. మధ్య కుర్చీ ఎవరిదన్న దగ్గరే పేచీ వస్తుంది. ఈసారి మధ్యలో కుర్చీ వేయకుండా మైకు పెట్టారు.

"గొడవలు వద్దని చెప్పే ప్రకటన మాస్టారూ. మీరే చదవాలి. పెద్దయ్యగారు మరీ మరీ చెప్పమన్నారు" అని కార్యదర్శి ఫోన్ చేశాడు. సరేనన్నాను.

"వెళ్ళి తీరాలంట్రా?" అంది మా అక్క ఆ పొద్దున. అమ్మాయి పోయినప్పటి నుంచి తను నా దగ్గరే ఉంటోంది.

"పెద్దయ్యగారు ఆస్పత్రికి వచ్చి నా పక్కన కూర్చున్నారక్కా."

"కూర్చున్నందుకు జన్మంతా మైకు మొయ్యాలా?"

డ్రైవరమ్మ నవ్వింది. మా అమ్మాయి ఎవరితో కలిసి బతికిందో ఆ అమ్మాయే డ్రైవరమ్మ. బస్సు నడుపుతుంది. ఆ పేరు పెట్టింది మా అక్కే. మొదట్లో వెటకారంగా పిలిచేది, ఇప్పుడు ఆ పిలుపులోనే ముద్దు వినబడుతుంది. చట్టం రాగానే రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళాలని వాళ్ళిద్దరూ అనుకున్నారు. అంతలో అమ్మాయికి జబ్బు చేసింది.

"నా బస్సూ ఆ సభకే వేశారు మాస్టారూ. జనాన్ని దింపి, మళ్ళీ ఇళ్ళకు చేర్చాలి" అంది డ్రైవరమ్మ, బూట్ల తాళ్ళు బిగించుకుంటూ. "కొట్టుకోవద్దని చెప్పడమే కదా, చదవండి. మీ గొంతు విని చాలా రోజులైంది."

"అయితే నన్నూ ఎక్కించుకో. టిక్కెట్టు అడిగావంటే చెవి మెలేస్తా" అంది అక్క.

కార్యదర్శి వేదిక మెట్ల దగ్గర నా చేతిలో కాగితాలు పెట్టాడు.

"నిన్న పంపలేదేం?" అన్నాను.

"ఏం చెయ్యమంటారు? ఆయన పొద్దుటిదాకా మారుస్తూనే ఉన్నారు. టైపు చేసి చేసి నా వేళ్ళు వాచిపోయాయి. వెళ్ళండి, వెళ్ళండి, మిమ్మల్నే పిలుస్తున్నారు."

జేబులో పెన్సిలు ఉంది. తీసే వ్యవధి లేకపోయింది.

మొదటి పేజీ అతను చెప్పినట్టే ఉంది. ఎవరినీ కొట్టవద్దు, ఎవరి అద్దాలూ పగలగొట్టవద్దు. చప్పట్లు అక్కడక్కడా పడ్డాయి. రెండో పేజీ తిప్పాను. ఈ చట్టాన్ని తామంతా ముక్తకంఠంతో వ్యతిరేకిస్తున్నామన్న వాక్యం వచ్చింది. ఈసారి హాలంతా దద్దరిల్లింది. ఆ మోతలో ఆగిపోయే వీలుంది. ఆగలేదు. చదివేటప్పుడు కళ్ళు నోటికన్నా ఒక వాక్యం ముందు నడవాలని పిల్లలకు చెబుతుంటాను. ఆ రోజు నా కళ్ళు నోటి వెనకే నడిచాయి.

"ఇటువంటి బంధాలు కుటుంబాన్ని ఏం చేస్తాయో ఒక తండ్రి మాతో కన్నీళ్ళతో చెప్పుకున్నాడు" అని చదివాను. "కన్నకూతురు చావుబతుకుల మధ్య ఉంటే, ఆమెతో సహజీవనం చేసిన స్త్రీ గదిలో ఉంది. తండ్రిని బయట కుర్చీలో కూర్చోబెట్టి తలుపు మూశారు."

తలుపు అనే మాట నోటి నుంచి వెళ్ళిపోయాక తెలిసింది, ఆ తండ్రిని నేనేనని.

చేతిలో కాగితం ఉన్నట్టు తెలియలేదు. ఎదురుగా మంచినీళ్ళ గ్లాసు, దాని మీద మూత, మూత మీద ఈగ కనబడ్డాయి. బయట స్తంభానికి కట్టిన లౌడు స్పీకరులోంచి నా గొంతు నాకే కాస్త ఆలస్యంగా వినబడింది: తలుపు మూశారు. ఆ స్తంభం కిందే బస్సులు ఆపుకున్నారు. ముందు వరసలో ఒకావిడ "అయ్యో పాపం" అని కళ్ళు తుడుచుకుంది. ఆవిడ ఏడ్చింది నా కోసమే. అది భరించడం అన్నిటికన్నా కష్టమైంది.

పెద్దయ్యగారి వైపు చూశాను. ఆయన దయగా తల ఊపారు, మిగతాది కూడా చదవమన్నట్టు.

ఆ మాట నేను చెప్పిందే. ఆస్పత్రి వరండాలో ఆయన నా చెయ్యి పట్టుకుని అడిగితే చెప్పాను. కానీ నేను చెప్పింది తలుపు దగ్గర ఆగలేదు.

"ఇక్కడ కొంత తప్పిపోయింది" అన్నాను మైకులో.

"మాస్టారూ, ఉన్నది చదవండి" అన్నాడు కార్యదర్శి వెనకనుంచి.

"ఆ తండ్రిని నేను. మా అమ్మాయికి పడుకుని పడుకుని వీపంతా పుండ్లు పడ్డాయి. రోజూ కడగాలి. తండ్రి ముందు ఒంటి మీద బట్ట తీయడానికి దానికి సిగ్గు. 'నాన్నా, కాసేపు బయట కూర్చో' అని అదే అడిగింది. తలుపు మూసింది అందుకు. లోపల ఆ అమ్మాయి కడిగేది. నొప్పి తెలియకుండా ఏవో కబుర్లు చెప్పేది. మా అమ్మాయి నవ్వేది. నేను బయట కూర్చుని ఏడ్చింది ఆ నవ్వు విని. ఇదంతా పెద్దయ్యగారికి చెప్పాను."

హాల్లో ఒక కుర్చీ కిర్రుమంది. పెద్దయ్యగారు నా వైపు వంగారు. ఆయన మొహంలో కోపం లేదు, నిజంగానే ఆశ్చర్యపోయారు.

"ఏమిటయ్యా ఇది? నీ పేరు ఎక్కడా పెట్టలేదు కదా?"

"మిగతా సగం మరిచిపోయారాండీ?"

"మరిచిపోవడమేమిటి? గుర్తుంది. సభకు అది అవసరం లేదు."

మరిచిపోయి ఉంటారనే అనుకున్నాను అప్పటిదాకా. ముసలితనం, మసక చూపు, నా చెయ్యి మీద ఆ వెచ్చటి చెయ్యి, అన్నీ ఆయన తరఫునే సాక్ష్యం చెప్పాయి నాకు. ఆయన అంతా విన్నారు, అంతా గుర్తు పెట్టుకున్నారు, ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో ఆలోచించి మరీ నిర్ణయించారు. తెల్లవార్లూ మార్చింది అదే.

రెండు కాగితాలూ అంచులు కలిపి బల్ల మీద పెట్టి, ఎగిరిపోకుండా గ్లాసు ఉంచి, మెట్లు దిగాను.

"సిగ్గు లేదూ! బళ్ళో పిల్లలకు ఇదేనా చెబుతున్నావు?" అని మధ్య వరసలోంచి ఎవరో అరిచారు.

"సిగ్గు గురించే కదయ్యా చెప్పాడు ఇంతసేపూ! చెవులు ఇంట్లో పెట్టి వచ్చావా?" అంది మా అక్క, తన కుర్చీలోంచి లేస్తూ.

బస్సు లౌడు స్పీకరు కిందే ఉంది. డ్రైవరమ్మ తన సీట్లో కూర్చుని రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని ఉంది. ఇంజను ఆపే ఉంది. నేను ఎక్కి ఆమె పక్క సీట్లో కూర్చున్నాను. అక్క నా వెనక కూర్చుంది.

"మొదటి సగం మీ గొంతులో విన్నాక, తాళంచెవి వదిలేసి వెళ్ళిపోదామని దిగాను మాస్టారూ" అంది డ్రైవరమ్మ, ముందుకే చూస్తూ.

"నాకు తెలియదమ్మా, ఆ కాగితంలో అది ఉందని."

"తెలిసింది లెండి. మిగతాది కూడా ఇదిగో, ఈ స్పీకరు కిందే నిలబడి విన్నాను." నా వైపు తిరిగి, "మా నవ్వులు మీకు వినబడేవా?" అంది.

"వినబడేవి. దాన్ని ఏం చెప్పి నవ్వించేదానివి?"

"నేను నవ్వించడమేంటి? మీరే నవ్వించేవారు."

"నేనా?"

"క్లాసులోకి వెళ్ళే ముందు దగ్గినట్టు దగ్గేవారు కదా, ఆ కుర్చీలో కూర్చుని. అది వినబడగానే 'అదిగో, నాన్న హాజరు పిలుస్తున్నాడు' అనేది. 'ప్రెజెంట్ సార్' అని చెయ్యెత్తబోయేది. కదలకే తల్లీ, ఇంకా కడగాలి అనేదాన్ని."

హాల్లోంచి జనం రావడం మొదలుపెట్టారు. బస్సు తలుపు దగ్గర నన్ను చూసి కొందరు వెనక్కి తగ్గారు. ఇందాక కళ్ళు తుడుచుకున్న ముందు వరసావిడ ఒక కాలు మెట్టు మీద పెట్టి, నన్నూ డ్రైవరమ్మనూ మార్చి మార్చి చూసింది.

"ఎక్కుతారా అండీ?" అంది డ్రైవరమ్మ. "అందరినీ ఇళ్ళకు చేర్చాలి నేను."

ఆవిడ ఎక్కలేదు, దిగలేదు. నాకు తెలియకుండానే దగ్గాను. డ్రైవరమ్మ స్టీరింగు మీద తల ఆనించుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. అది నవ్వో ఏడుపో నేను అడగలేదు.