గట్టు కబురుకు ఇరవై పేర్లు

మహారాష్ట్ర అంచున ఉన్న సిరోంచలో భూముల ఏజెంట్లు మాటలకు కరువున్న మనుషులు కారు. పొద్దున్నే తహసీల్ ఆఫీసు ఎదురుగా ఉన్న యాదక్క హోటల్లో చేరతారు, మధ్యాహ్నం దాకా కదలరు. అమ్మేవాడి తాత ముచ్చట్ల నుంచి కొనేవాడి అల్లుడి కొలువు దాకా అన్నీ అక్కడే తేలతాయి. అలాంటి మనుషులు నెల రోజులుగా అరుణశ్రీ కాగితం గురించి నోరు విప్పడం లేదు. "మస్తున్నది బిడ్డా" అంటారు, నాలుగు మడతలు పెడతారు, జేబులో వేసుకుంటారు. అంతే! ఆ జేబులోంచి అది మళ్లీ బయటికి వచ్చిన పాపాన పోలేదు.

ఆ కాగితం పేరు 'గట్టు కబురు'. వారానికి ఒకటి, రెండు వైపులా అచ్చు. హోటల్ పక్కనే ఉన్న జిరాక్స్ దుకాణంలో అరుణశ్రీ పని చేస్తుంది. రోజంతా సాత్‌బారా కాగితాలు తీసి ఇవ్వడమే పని. ఎవరి పొలం ఎవరి పేరున ఉందో చెప్పే కాగితాలవి. తహసీల్ ఆఫీసు నోటీసు బోర్డు ఎవరూ చదవరు, ఆమె చదువుతుంది. ఏ ఊళ్లో ఎప్పుడు పొలాలు కొలుస్తారో, ఏ భూమి మీద తగాదా నడుస్తోందో, ఎవరు అమ్ముతున్నారో, ఎవరు కొనాలని తిరుగుతున్నారో అన్నీ ఏరి, దానికి కాస్త ఎకసెక్కం కలిపి రాస్తుంది. ఏజెంట్లకు ఇంతకంటే పనికొచ్చే కాగితం ఇంకొకటి లేదని ఆమె నమ్మకం. ఆ నమ్మకంలో తప్పేమీ లేదు.

కానీ వాళ్లమ్మ గంగమ్మ గడువు పెట్టింది. నాగ్‌పూర్‌లో ఒక కంపెనీ కొలువు ఇస్తామంది. సోమవారం సాయంత్రంలోగా వస్తావో రావో చెప్పాలి. "ఇరవై మంది చందాకు పేర్లు రాయించుకుంటే ఉండు, లేకుంటే సంచి సర్దు" అంది గంగమ్మ. అరుణశ్రీకి నాగ్‌పూర్ అంటే ఏడుపొస్తుంది. ఆ కంపెనీలో ఏం టైపు చేయాలో వాళ్లు చెప్తారు. ఇక్కడ ఏం రాయాలో తను చెప్తుంది. తేడా అదీ. ఇప్పటిదాకా రాయించుకున్న పేర్లు ఎన్నయ్యా అంటే, ఒక్కటి. అది ముసలి ఏజెంటు సమ్మయ్యది.

చేతిలో పైసా లేకుండా చేయగలిగినవన్నీ చేసింది పాపం. ఆఫీసు ముందు ఆగిన ప్రతి బైకు సీటు కిందా ఒక కాగితం దూర్చింది. ఇద్దరు ఆమెను దొంగనుకుని తరుముకొచ్చారు కూడా. చాయ్ గ్లాసుల కింద పరిచింది. వాట్సాప్ గ్రూపులో పెడితే ముప్పై బొటనవేళ్లు లేచాయి, మనిషి మాత్రం ఒక్కడూ లేవలేదు. వారానికి నలుగురు ఏజెంట్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఊరికే వేసింది. ఎవరి పేరు పడితే వాళ్లు పదిమందికి చూపించుకుంటారు కదా అని ఆశ. ఎవరూ చూపించుకోలేదు.

చివరికి యాదక్కతో ఒప్పందం చేసుకుంది. హోటల్ పేరు కాగితంలో వేస్తుంది, దానికి బదులు యాదక్క చాయ్ పోస్తుంది. నాలుగో వారం కాగితంలో రెండో వైపు పైనే పెద్ద అక్షరాలతో వేసింది: 'ఇది చదివినవాళ్లు యాదక్క దగ్గరికెళ్లి గట్టు అనండి, చాయ్ ఉచితం.'

శనివారం పొద్దున యాదక్క రెండు లీటర్ల పాలు ఎక్కువ కాచింది. పదకొండయింది. సమ్మయ్య ఒక్కడు వచ్చి "గట్టు" అన్నాడు, తాగాడు, మళ్లీ "గట్టు" అన్నాడు. మిగతా ఏజెంట్లంతా జేబులో అదే కాగితం పెట్టుకుని, ఎప్పటిలాగే పైసలిచ్చి చాయ్ తాగి వెళ్లారు.

"ఓ పిల్లా! చాయ్ ఊరికనే దొరుకుతదంటే వీళ్లు అంత దూరం ఏటపల్లి నుంచి గూడ ఉరికి రారా? వీళ్లు సదువనే లేదు పో" అంది యాదక్క.

అరుణశ్రీకి ఒళ్లు మండింది. తిన్నగా కన్నయ్య దగ్గరికి వెళ్లింది. ఏజెంట్లలో పెద్ద తలకాయ ఆయన. తెల్లచొక్కా, ముక్కు మీద అద్దాలు. ఆయన దేనికైనా తలూపితే పదిమంది ఊపుతారు.

"కాకా, ఈ వారం కాగితంల నీకు ఏది నచ్చింది?"

"అన్నీ నచ్చినయ్ బిడ్డా. మస్తు రాసినవ్" అని కన్నయ్య లేచి, పనున్నట్టు బైకెక్కి పోయాడు.

అబద్ధం! ముఖం మీదే అబద్ధం! తన కష్టం వీళ్లకు ఆటగా ఉందా? ఇంక వీళ్ల మొహాన కాగితం పెట్టను గాక పెట్టను అనుకుంటూ దుకాణానికి వచ్చి ధడాలున కూర్చుంది. అప్పుడు కనిపించింది బల్ల మీద ఒక చిన్న డైరీ. పొద్దున సాత్‌బారా తీయించుకున్నవాళ్లెవరో మరిచిపోయారు. పేరు కోసం తెరిచింది.

మరాఠీ అక్షరాలు. అలవాటుగా మరాఠీ అనుకునే మొదలుపెట్టింది. కానీ మాటలు మరాఠీవి కావు. 'బామ్ని ఊరు. ఎకరన్నర. బోరు ఉన్నది. ముసలాయన మొండోడు. ముందుగాల చుట్ట ఇయ్యాలె, ఎనుక ధర అడుగాలె.'

మళ్లీ చదివింది. అక్షరం మరాఠీది, మాట మాత్రం ఈ బజారులో పొద్దున్నుంచీ వినపడే తెలుగే. అట్ట లోపల పేరు కూడా అలాగే ఉంది: కన్నయ్య.

అరుణశ్రీ తల మీద తనే ఒకటి మొట్టుకుంది. తను పదో తరగతి దాకా నది అవతల కాళేశ్వరంలో మేనత్త ఇంట్లో ఉండి తెలుగు బడిలో చదివింది. మరాఠీ పట్టుబడింది ఈ దుకాణంలో సాత్‌బారాలు తీస్తూనే. ఇక్కడివాళ్లు చదివింది మరాఠీ బడిలో. ఇంట్లో తెలుగు, పలక మీద మరాఠీ. ఆ సంగతి ఆమెకు తెలియనిదేం కాదు, తట్టలేదు, అంతే. చెవినిండా తెలుగే వినపడుతుంటే కళ్లకూ తెలుగు వస్తుందనుకుంది. సమ్మయ్య ఒక్కడే చదివాడంటే ఆయన పుట్టింది అవతలి ఒడ్డున కాబట్టి. ఇక కన్నయ్య అబద్ధమా? అది సిగ్గు. కూతురంత పిల్ల ముందు "చదవరాదు" అని ఎలా అంటాడు మరి?

సాయంత్రం కన్నయ్య ఆయాసపడుతూ వచ్చాడు. డైరీ అందించింది.

"తెరిచి చూసినవా?"

"లేదు కాకా." ఎందుకన్నదో ఆమెకే తెలియదు, నోటి నుంచి వచ్చేసింది.

ఆదివారమంతా దుకాణం తలుపు దగ్గరేసుకుని టైపు చేసింది. అదే కబురు, అదే ఎకసెక్కం, కానీ ప్రతి అక్షరమూ మరాఠీదే. కన్నయ్య డైరీలోని కబురు మాత్రం ఒక్కటి కూడా ముట్టుకోలేదు. ఒకే ఒక్క కాగితం తీసింది. ముందు కన్నయ్య మొహం చూసి, తర్వాతే మిగతావి తీద్దామని.

సోమవారం పొద్దున ఆ కాగితం కన్నయ్య బల్ల మీద పెట్టి, దుకాణంలోకి వచ్చి తొంగి చూస్తూ నిలబడింది. కన్నయ్య అలవాటుగా మడత పెట్టబోయాడు. ఆగాడు. విప్పాడు. పెదవులు కదిలాయి.

"అరె! ఇది మనం మాట్లాడేదే గద!"

పక్కవాళ్లు తలలు తిప్పారు. కన్నయ్య గొంతు పెంచి చదవడం మొదలుపెట్టాడు. "చింతలపల్లి తొవ్వల రెండెకరాలు అమ్మకానికున్నది. పెద్దాయన మంచోడే, ధర అడిగితే మాత్రం చెవుడొస్తది." హోటలంతా గొల్లుమంది. యాదక్క గరిటె పట్టుకుని బయటికొచ్చింది. కన్నయ్యకు ఊపొచ్చింది. లేచి నిలబడి, చెయ్యి తిప్పుతూ చదివాడు. "గురువారం నాడు అంకీస ఊళ్లె పొలాలు కొలుస్తరు. గట్టు జరిపినోళ్లు బుధవారం నాడే మళ్ల జరుపుకోండ్రి." మళ్లీ నవ్వులు. "మంచిర్యాల డాక్టరొకాయిన మన బస్టాండు దగ్గర ప్లాటు కోసం తిరుగుతుండు. నగదు తయారున్నది. ఆయన నంబరు..."

అక్కడ కన్నయ్య నోరు టక్కున మూతపడింది. కాగితం మడిచాడు. జేబులో పెట్టాడు. కూర్చున్నాడు.

"నంబరు? నంబరు సదువు కాకా!" అన్నాడు ఈశ్వర్. కన్నయ్యకు బేరంలో మొదటి శత్రువు అతనే.

"కండ్లకు ఆనుతలేదు. అద్దాలు ఇంట్ల మరిచిన." ముక్కు మీద అద్దాలు పెట్టుకునే అన్నాడు మహానుభావుడు.

ఈశ్వర్ ఇక ఆగాడా? సగం చాయ్ వదిలేసి దుకాణానికి ఉరికాడు. వెనక ఇంకొకడు. ఆ వెనక హోటల్ మొత్తం. "నాకోటి, నాకోటి" అని బల్ల మీద పడ్డారు. అరుణశ్రీ మొహం బింకంగా పెట్టింది.

"ముందుగాల పేరు రాయించుకోవాలె. పేరు రాయించుకున్నోళ్లకే కాగితం!"

మెషీన్ వేడెక్కిపోయింది. పేర్ల పుస్తకం చేతులు మారింది. జనం తగ్గాక లెక్క చూసుకుంది. సమ్మయ్యతో కలిపి పంతొమ్మిది. మళ్లీ లెక్కపెట్టింది. పంతొమ్మిదే. రాయించుకోనిది ఒక్క కన్నయ్యే.

ఆయన అందరూ పోయాక వచ్చాడు. డైరీ తీసి బల్ల మీద పెట్టాడు.

"మొన్న తెరువలేదన్నవ్."

"తెరిచిన కాకా. ఎవలదో చూద్దామని తెరిచిన. అబద్ధం చెప్పిన, తప్పయింది."

కన్నయ్య డైరీ మీద చెయ్యి వేశాడు. "ఇరువై రెండేండ్ల సంది గిట్లనే రాసుకుంటున్న. తెలుగు అక్షరం రాదాయె. మరాఠీ మాట నోట్లె సక్కగ తిరగదాయె. ఎవలన్న చూస్తె నవ్వుతరని మా ఇంటామెకు గూడ చూపెట్టలే. నువ్వేమో గదే తీరుగ అచ్చేసి నా బల్ల మీదనే పెట్టినవ్."

"నవ్విర్రు గద కాకా" అంది భయంగా.

"నవ్విర్రు. ఆ పెద్దాయన చెవుడుకు నవ్విర్రు. నా రాతకు ఎవడు నవ్విండే?" అన్నాడు. అద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు, దాచుకోలేదు. పెన్ను అందుకున్నాడు. పుస్తకంలో ఇరవయ్యో పేరు తన చేత్తోనే, తన డైరీ రాతలోనే రాశాడు. రాశాక ఎవరూ వినకుండా ముందుకు వంగి, "వచ్చే వారం నంబర్లు జర నాకొక్క రోజు ముందుగాల చెప్పరాదు బిడ్డా" అన్నాడు.

"అందరికీ ఒక్కటే రోజు కాకా!"

మూతి ముడుచుకుని పోయాడు. అరుణశ్రీ పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా, ఇరవై అయినయ్! నాగ్‌పూరు పోను నేను!"

అవతలి నుంచి గంగమ్మ, "మరాఠీ అక్షరాలల్ల అచ్చేసినవట గద? పక్కింటి సోనుబాయి చెప్పింది ఇప్పుడే" అంది.

"అవునమ్మా."

"మరి ఇంటికొచ్చేటప్పుడు నాకోటి పట్టుకరా. బామ్ని మరాఠీ బళ్లె నాలుగో తరగతి దాక సదివిన నేను. నువ్వేం రాస్తవో సూడాలని ఎన్నిదినాల సందో ఉన్నది, నీతోని చెప్పబుద్ధి కాలే."

బజారులో ప్రతి బైకు సీటు కిందా కాగితం దూర్చిన పిల్ల, ఇంటికి మాత్రం ఒక్కటీ పట్టుకెళ్లలేదు. ఫోన్ చెవికి అలాగే పెట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ, మెషీన్‌లోంచి ఇంకో కాగితం తీసింది.