సగం మూసిన వాల్వు

జపాన్‌లో, ఇచినోమియాలోని ఆ ఉన్ని అద్దకం మిల్లులో ఏ డ్రాయింగైనా ఐదు ముద్రలు పడితేగానీ కదలదు. కింది ఉద్యోగి తన ముద్రను పైవాడి ముద్ర వైపు, తల వంచినట్టు, కాస్త వాల్చి వేయాలి. అంతటితో ఆగితే బాగుండేది. ముద్ర వేసే ప్రతివాడూ 'ఎందుకైనా మంచిది' అంటూ పంపు సైజుకు పదోవంతు కలిపేవాడు. రేపు నీళ్లు చాలకపోతే తన మెడకు చుట్టుకుంటుందని భయం. కరెంటు వృథాగా తగలబడితే మాత్రం ఎవరి మెడకూ చుట్టుకోదు.

ఆ ఉదయం కొత్త ఇంజనీరు ఇబుకి, పాత పంపు బదులు పెట్టే కొత్త పంపు డ్రాయింగ్ తెస్తే, డిజైన్ విభాగం పెద్ద కుజె దాన్ని రెండుసార్లు తిప్పి చూశాడు. ఆ అమ్మాయి ముందు లావుపాటి గొట్టాలు తిన్నగా గీసి, తర్వాత వాటి వెంట యంత్రాలు పెట్టింది. నీళ్లకు అడ్డు తగ్గుతుంది కనుక పాత పంపులో మూడోవంతు సైజుది చాలట.

"మీరు మాత్రం ఏమీ కలపకండి సార్, మీకు పుణ్యముంటుంది. మొత్తం అంతా ఒక్కటిగా చూసే లెక్క వేశాను," అంది ఇబుకి. "అన్నట్టు, పాత పంపు వాల్వు ఎప్పుడూ సగం మూసే ఉంటుందేంటి? పంపు తోస్తుంటే వాల్వు అడ్డం పడుతోంది."

"పాత అలవాటులే," అన్నాడు కుజె.

అలవాటు కాదు. ఆ పంపు పెట్టేటప్పుడు ముందు ముగ్గురూ కలిపింది చాలదన్నట్టు తను ఏకంగా ఐదోవంతు కలిపాడు. గొట్టాలు అదిరిపోతుంటే ఆపరేటర్ ఉకాయ్ వాల్వు సగం మూసి నెట్టుకొచ్చాడు. పదకొండేళ్ల కిందట కరెంటు ఖర్చు గురించి పైవాళ్లు నిలదీస్తే, "ఉకాయ్ వాల్వు మూసేస్తున్నాడండీ" అన్నాడు కుజె. అందులో అబద్ధం లేదు, అంతకంటే నీచమైనది ఉంది. ఉకాయ్‌ని ప్యాకింగ్ షెడ్డుకు తోసేశారు; అతని తర్వాత వచ్చినవాళ్లకూ వాల్వు సగం మూయక తప్పలేదు. అతను నోరెత్తలేదు. అన్నీ తెలిసే పెద్దమనసుతో ఊరుకున్నాడని కుజె తనకు తాను నచ్చజెప్పుకుంటూ ఇన్నేళ్లూ గడిపేశాడు.

ఈసారి కుజె ఏమీ కలపకుండా ముద్ర వేశాడు. పాత పంపు తప్పు తనదేనని పక్కన రాసి పైకి పంపాడు. మధ్యాహ్నం సిగ్గుతో కాళ్లు ఈడ్చుకుంటూ షెడ్డుకు వెళ్లాడు.

అన్నం డబ్బా తెరుచుకుని కూర్చున్న ఉకాయ్ గబుక్కున లేచాడు.

"కూర్చోవయ్యా. ఆ పంపు అంత పెద్దది చేసింది నేనే. నువ్వు మూయకపోతే గొట్టాలు పగిలేవి. నీ తప్పేం లేదు. నీకూ తెలుసుగా."

ఉకాయ్ చేతిలోని అన్నం తినే పుల్లలు కింద పెట్టాడు.

"తెలీదండీ. నాకే పని చేతకాలేదనుకున్నాను. ఇంట్లోనూ అదే చెప్పాను. మా అమ్మాయి పంపుల పని నేర్చుకుంటానంటే, మనింట్లో ఎవరికీ అది అచ్చిరాదని నేనే మాన్పించాను. దానికిప్పుడు ముప్పై నిండాయి." అన్నం డబ్బా మూసి అడిగాడు, "ఇప్పుడు దానికేం చెప్పమంటారు సార్?"